చెవి ముందు ‘టక్’ మంటోంది, దవడ కీలు అరిగిపోతోందా?

ప్రశ్న: నా వయసు 34. రోజంతా కంప్యూటర్ ముందు పని. ఆరు నెలలుగా నోరు తెరిచినప్పుడల్లా కుడి చెవి ముందు ‘టక్’ మని శబ్దం వస్తోంది. పక్కన కూర్చున్నవాళ్లకి కూడా వినిపిస్తుంది. పొద్దున లేచేసరికి చెంప, కణత పట్టేసి ఉంటాయి. చెవిపోటు అనుకుని చెవి డాక్టర్‌కి చూపిస్తే చెవిలో ఏమీ లేదన్నారు. కీలు అరిగిపోతుందేమోనన్న భయంతో మూడు నెలలుగా ఎడమ వైపే నములుతున్నాను. తగ్గకపోగా ఎక్కువైంది. పోయిన వారం ఆవలిస్తే ఒక్క క్షణం దవడ ఇరుక్కుపోయినట్టు అయింది. నిద్రలో పళ్లు కొరుకుతున్నానని మావారు అంటున్నారు. ఒక క్లినిక్‌లో, పళ్ల ఎత్తు సరిగా లేదు, అరగదీసి సరిచేయాలన్నారు. చేయించుకోవాలా? ఆపరేషన్ దాకా వెళ్తుందా? ఇంకో మాట, ఈమధ్య నా ముఖం నలుచదరంగా అవుతోందని మా అక్క అంటోంది. అదీ దీనివల్లేనా?

జవాబు: ముందు ఒక్క పని చేయండి. పళ్లు అరగదీయించుకోవడం మానుకోండి. మిగతావన్నీ తీరిగ్గా మాట్లాడుకోవచ్చు కానీ, ఒకసారి అరగదీసిన పంటి పింగాణీ మళ్లీ పెరగదు. దవడ నొప్పికి మొదటి వైద్యంగా అలాంటి వెనక్కి తీసుకోలేని పనులు చేయకూడదన్నది ఇవాళ ఈ రంగంలో ఎక్కువమంది ఒప్పుకునే మాట.

ఇప్పుడు మీ చూపుడువేలు కుడి చెవి ముందు, చెవి రంధ్రానికి అడ్డుగా ఉండే చిన్న బుడిపెకి కాస్త ముందుగా పెట్టండి. మెల్లగా నోరు తెరవండి. వేలి కింద ఏదో గుండ్రంగా కదిలి, ముందుకు జారినట్టు తెలుస్తుంది. అదే మీ కింది దవడ ఎముక పైకొస, డాక్టర్లు కాండైల్ అంటారు. అది కూర్చునే గుంట కణత ఎముక అడుగు భాగంలో ఉంటుంది. గుంటకి ముందు చిన్న మిట్ట. గుంట వెనకే చెవి గొట్టం. మధ్యలో ఉన్నది పల్చటి ఎముక గోడ మాత్రమే. చిటికెనవేలు చెవిలో పెట్టుకుని నోరు తెరిచి మూసినా ఆ కదలిక తెలుస్తుంది. మీ చెవి డాక్టర్ చెవిలో ఏమీ లేదన్నారంటే పొరపాటు పడలేదు. నొప్పి ఉన్నది పక్కింట్లో.

ఇరుగుపొరుగు కావడం ఒక్కటే కారణం కాదు. దవడ కీలుకి స్పర్శ ఇచ్చే ముఖ్యమైన నరమే చెవి గొట్టం ముందు గోడకి, కర్ణభేరిలో కొంత భాగానికి, కణత మీది చర్మానికి కూడా కొమ్మలు పంపుతుంది. నొప్పి ఎక్కడ పుట్టిందో మెదడు తేల్చుకోలేక ఒక్కోసారి చెవి ఖాతాలో రాసేస్తుంది. కర్ణభేరిని బిగించే చిన్న కండరానికీ, మనం నమిలే కండరాలకీ ఆజ్ఞలు వెళ్లేది ఒకే పెద్ద నరం నుంచి. ఇంకా వెనక్కి వెళ్తే ఈ చుట్టరికం చాలా పాతది. సరీసృపాల్లో దవడ కీలుగా పనిచేసే రెండు చిన్న ఎముకలే మనలాంటి క్షీరదాల్లో మధ్య చెవిలోకి చేరి, శబ్దాన్ని మోసే ఎముకలయ్యాయి. తల్లి కడుపులోని పిండాల ఎదుగుదలని చూసి ఈ సంబంధాన్ని 1837లో వివరించినవాడు జర్మన్ శరీరశాస్త్రవేత్త కార్ల్ రైకెర్ట్. ఇది మీ నొప్పిని తగ్గించదు. నాకు మాత్రం ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఇక ‘టక్’ సంగతి. మోకాలు, మోచెయ్యి లాంటివి దాదాపు ఒకే చోట మడుచుకుని విచ్చుకుంటాయి. దవడ కీలు రెండు పనులు చేస్తుంది. నోరు తెరవడం మొదలుపెట్టినప్పుడు కాండైల్ తన చోటే ఉండి తలుపు బందులా తిరుగుతుంది. రెండు సెంటీమీటర్లు దాటాక అది గుంట వదిలి మిట్ట మీదుగా ముందుకీ కిందికీ జారుతుంది. ఈ జారుడు లేకపోతే మనం ఆవలించలేం. ఎముకకీ ఎముకకీ మధ్య ఒక డిస్క్ ఉంటుంది. మధ్యలో పల్చగా, ముందూ వెనకా మందంగా ఉండే గట్టి పీచు కణజాలం అది. కీలుని పై అర, కింది అరగా విడదీస్తుంది. తిరగడం కింది అరలో, జారడం పై అరలో జరుగుతుంది. కాండైల్ ఎటు వెళ్తే డిస్క్ కూడా దాని నెత్తిన టోపీలా అటే వెళ్లాలి.

మీ విషయంలో ఆ టోపీ కొంచెం ముందుకి జారి ఉండాలి. నోరు మూసి ఉన్నప్పుడు డిస్క్ కాండైల్‌కి ముందు ఉంటుంది. తెరుస్తున్నప్పుడు కాండైల్ ముందుకొచ్చి, డిస్క్ వెనక అంచుని దాటి దాని కిందికి దూరుతుంది. ఆ దూకుడే మీరు వినే ‘టక్’. మూసేటప్పుడు చివర్లో ఇంకో చిన్న శబ్దం రావచ్చు, అది డిస్క్ మళ్లీ ముందుకి తప్పుకోవడం. ఎముక అరిగిన శబ్దం ఇలా ఉండదు. అది ఇసుక మీద నడిచినట్టు, కరకరమని సాగుతూ ఉంటుంది.

టక్‌మని శబ్దం వచ్చే దవడలు లోకంలో లెక్కలేనన్ని. చాలామందికి నొప్పి ఉండదు, ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, వైద్యం కూడా అక్కర్లేదు. డిస్క్ మధ్య భాగంలో నరాలే ఉండవు కాబట్టి అది కదిలినంత మాత్రాన నొప్పి పుట్టదు. నరాలూ రక్తనాళాలూ ఉన్నవి దాని వెనక ఉండే మెత్తటి కణజాలంలో. డిస్క్ ముందుకి తప్పుకున్నప్పుడు కాండైల్ ఆ మెత్తటి చోటుని నొక్కుతుంది. అక్కడ వాస్తే నొప్పి. అయితే మీ ఉత్తరంలో నన్ను ఆపింది శబ్దం కాదు. ‘పొద్దున లేచేసరికి చెంప, కణత పట్టేసి’ అన్న ముక్క. అది కండరాల భాష.

నమలడానికి మనకి ఒక్కో పక్కన నాలుగు కండరాలు. చెంప మీద అరచెయ్యి వేసి పళ్లు గట్టిగా బిగించండి, ఉబ్బి తగులుతుందే, అది మాసెటర్. చెంప ఎముక నుంచి దవడ మూల దాకా దిగుతుంది. దాని కొలతకి దాని బలం చాలా ఎక్కువ. కణత మీద వేళ్లు పెట్టి బిగిస్తే కదిలేది టెంపొరాలిస్. విసనకర్రలా తల పక్కన పరుచుకుని, కిందికొచ్చేసరికి సన్నబడి, చెంప ఎముక లోపలి నుంచి వెళ్లి దవడని పట్టుకుంటుంది. ‘టెన్షన్ తలనొప్పి’ అని మనం అనుకునే వాటిలో కొన్ని నిజానికి ఈ కండరం అలసటే. మూడోది దవడ లోపలి వైపున, మాసెటర్‌కి అద్దంలో బొమ్మలా ఉంటుంది. ఆ రెండూ కలిసి దవడ మూలని ఉయ్యాలలో వేసినట్టు మోస్తాయి. ఈ మూడూ నోరు మూసేవే. నాలుగోది, లాటరల్ టెరిగాయిడ్, చిన్నది, వేలికి అందదు. కాండైల్‌ని ముందుకి లాగేది ఇదే. దీని పై పోగుల్లో కొన్ని డిస్క్‌కి కూడా అతుక్కుని ఉంటాయి.

నోరు తెరవడానికి ఇంత సరంజామా లేదు. గడ్డం కింది సన్నటి కండరాలు, ఈ నాలుగోది, కొంత భూమ్యాకర్షణ, అంతే. మూసే కండరాల ముందు తెరిచే కండరాలు ఎప్పుడూ బలహీనమే.

ఇంత బలమున్న కండరాలకి ప్రకృతి ఇచ్చిన పని మాత్రం తక్కువ. నమిలేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్లు, కింది పళ్లు తగలకూడదు. పెదాలు కలిసి ఉన్నా పళ్ల మధ్య రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఈ సంగతి చాలామందికి తెలియదు. నోరు మూయడమంటే పళ్లు కలపడమే అనుకుంటారు. ఇది చదువుతున్న ఈ క్షణంలో మీ పళ్లు ఎలా ఉన్నాయి? తగిలి ఉన్నాయి కదూ! కంప్యూటర్ మీదికి మెడ చాచి, కనుబొమలు ముడిచి, పళ్లు బిగించి గంటల తరబడి కూర్చుంటాం. రాత్రి పళ్లు కొరకడం అందరికీ వినిపిస్తుంది. పగటి బిగింపు మనకే తెలియదు. నా అనుభవంలో ఎక్కువ నష్టం చేసేది ఈ రెండోదే. కానీ మన చేతిలో ఉన్నదీ ఇదే.

ఎడమ వైపే నమిలితే కుడి కీలుకి విశ్రాంతి దొరుకుతుందని మీరు అనుకోవడంలో తప్పు లేదు, ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ దవడ లెక్క వేరు. కింది దవడ ఒకటే ఎముక, దానికి రెండు కొసల్లో రెండు కీళ్లు. ఎడమ పళ్ల మధ్య గట్టి ముక్క పెట్టి కొరికినప్పుడు రెండు పక్కల కండరాలూ లాగుతాయి. ఎడమ వైపు లాగిన బలంలో చాలా భాగాన్ని ఆ ముక్కే తీసుకుంటుంది. కుడి వైపు పళ్ల మధ్య ఏమీ లేదు. అందుకని అక్కడి బలం కాండైల్ మీదుగా కుడి కీలు మీదే పడుతుంది. పైగా ఎడమకి నమిలేటప్పుడు ఎడమ కాండైల్ దాదాపు తన చోటే తిరుగుతుంది, కుడిది మాత్రం ప్రతిసారీ ముందుకి జారి వెనక్కి రావాలి. అంటే నమిలేది ఎడమన, కూలి చేసేది కుడి కీలు. మూడు నెలలు మీరు దాన్ని కాపాడుతున్నాననుకుంటూ దాని చేతే ఎక్కువ పని చేయించారు. ఇప్పుడు వెంటనే కుడికి మారిపోమని కాదు నేను చెప్పేది. మెత్తటివి, చిన్న ముక్కలుగా, రెండు వైపులా నమలండి. రెండు వారాలు గట్టివి, సాగదీసి నమలాల్సినవి పక్కన పెట్టండి. చూయింగ్ గమ్ అసలే వద్దు.

ఒక చిన్న పరీక్ష ఇంట్లో చేసుకోవచ్చు. శుభ్రమైన దూదిని గట్టిగా చుట్టి, ఎడమ వైపు వెనక పళ్ల మధ్య పెట్టి కొరకండి. కుడి చెవి ముందు, సరిగ్గా ఆ వేలు పెట్టిన చోట, నొప్పి లేస్తే కీలు కూడా బాధలో ఉంది. అక్కడ కాక చెంపలోనో కణతలోనో నొప్పి వస్తే ఎక్కువ వాటా కండరాలదే. ఇది డాక్టర్ పరీక్షకి బదులు కాదు. కానీ రేపు డాక్టర్ దగ్గర ‘ఎక్కడ నొప్పి’ అంటే ముఖమంతా చూపించకుండా ఒక వేలితో చూపించగలుగుతారు.

పగటి బిగింపు మాన్పించడానికి నేను చెప్పే చిట్కా ఒకటే. ‘మ్’ అనండి. పెదాలు కలుస్తాయి, పళ్లు కలవవు. అదే దవడ విశ్రాంతి స్థానం. నాలుక కొసని పై పళ్ల వెనక, అంగిలికి తేలిగ్గా ఆనించి ఉంచండి, ‘న’ అనబోయి ఆగినట్టు. ఫోన్ మోగిన ప్రతిసారీ, స్క్రీన్ మారిన ప్రతిసారీ ఒకసారి చూసుకోండి. మానిటర్ అంచుకి ఒక రంగు చుక్క అంటించినా సరే. మొదటి వారం రోజుకి నలభైసార్లు మిమ్మల్ని మీరే పట్టుకుంటారు, విసుగొస్తుంది. పట్టుకోవడమే మందు అనుకోండి.

నాలుక కొస అంగిలికి ఆనించే ఉంచి, అది జారనంత వరకే నోరు తెరిచి మూయండి, ఐదారుసార్లు, రోజుకి నాలుగైదు విడతలు. నాలుక అలా ఉన్నంతసేపూ కాండైల్ చాలావరకు తిరుగుతుందే తప్ప ముందుకి జారదు. అంటే డిస్క్ మీదికి దూకాల్సిన అవసరం లేకుండా కండరాలకి వ్యాయామం అన్నమాట. ఇక చెంప మీద, కణత మీద గోరువెచ్చటి తడిగుడ్డ పావుగంట వేయండి, పడుకునే ముందు అయితే మరీ మంచిది. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి పెట్టి ఆపండి. ఫోన్‌ని భుజానికీ చెవికీ మధ్య నొక్కి మాట్లాడటం, గోళ్లు కొరకడం, పెన్ను నమలడం, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చోవడం లాంటి అలవాట్లుంటే వదిలేయండి. నొప్పి బిళ్లలు కొద్ది రోజులు వాడొచ్చు కానీ, మీ కడుపు సంగతి, కిడ్నీల సంగతి తెలిసిన డాక్టర్‌ని అడిగి.

రాత్రి పళ్లు కొరకడం ఒత్తిడితో పెరుగుతుంది. సాయంత్రం తర్వాత తాగే కాఫీ, మద్యం, పొగ కూడా ఎగదోస్తాయి. డిప్రెషన్‌కి వాడే కొన్ని మందులు కూడా కారణం కావచ్చు. అలాంటివి వాడుతుంటే సొంతంగా ఆపకుండా, రాసిచ్చిన డాక్టర్‌కి చెప్పండి. గురక పెద్దగా ఉండి, మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతోందేమో మీవారినే అడగండి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవాళ్లలో పళ్లు కొరకడం కూడా కనిపిస్తుంటుంది. నైట్ గార్డ్, అంటే రాత్రి పళ్లకి పెట్టుకునే తొడుగు గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు చెప్తారు. పళ్లన్నిటినీ కప్పే గట్టి అక్రిలిక్‌ది, కొలత తీసి చేసింది, రాత్రి మాత్రమే పెట్టుకునేది అయితే మంచిదే. కొరకడాన్ని అది ఆపుతుందని ఆశపడకండి. పళ్లు అరగకుండా కాపాడుతుంది, కొందరికి నొప్పి కూడా తగ్గిస్తుంది. ముందు పళ్లకి మాత్రమే తగిలించేవి నెలల తరబడి వాడితే మిగతా పళ్లు కదిలి, కాటు, అంటే పై పళ్లు కింది పళ్లు కలిసే తీరు, మారిపోయే ప్రమాదం ఉంది.

పళ్ల ఎత్తు గురించి ఒక పాత కథ చెప్పాలి. 1934లో అమెరికాలో జేమ్స్ కాస్టెన్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టర్, చెవి బాధలకీ దవడ కీలుకీ సంబంధం ఉందని రాశాడు. వెనక పళ్లు పోయి దవడ ఎక్కువ మూసుకుపోవడమే కారణమన్నాడు. చెవికీ దవడకీ లంకె పెట్టడం వరకూ మెచ్చుకోవాల్సిందే. ఆయన చెప్పిన కారణం మాత్రం తర్వాత నిలబడలేదు. అయినా కాటు సరిచేస్తే కీలు కుదురుతుందన్న నమ్మకం కొన్ని క్లినిక్‌లలో ఇంకా బతికే ఉంది. నొప్పి ఉన్న కండరాలు దవడని కాస్త పక్కకి లాగుతాయి కాబట్టి కాటు తేడాగా అనిపించడం సహజం. నొప్పి తగ్గాక ఆ తేడా చాలాసార్లు దానంతటదే పోతుంది. ఈలోగా పళ్లు అరగదీయించుకుని ఉంటే?

దవడ ఒక్క క్షణం ఇరుక్కోవడం గురించి కొంచెం జాగ్రత్తగా ఉండాలి. చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లు ఒకదాని మీద ఒకటిగా నిలువుగా పెడితే ముందు పళ్ల మధ్య పడుతున్నాయా? పడితే మీ నోరు మామూలుగానే తెరుచుకుంటున్నట్టు. ఏదో ఒక రోజు శబ్దం హఠాత్తుగా మాయమై, నోరు రెండు వేళ్లకి మించి తెరుచుకోకపోతే, శబ్దం ఆగింది కదా అని సంతోషించకండి. డిస్క్ ముందే ఉండిపోయి, కాండైల్ దాని కిందికి దూరలేకపోతోందని అర్థం. అప్పుడు వారాలు గడపకుండా మాక్సిల్లోఫేషియల్ (దవడ, ముఖం) సర్జన్‌నో, నోటి జబ్బులు చూసే ఓరల్ మెడిసిన్ డాక్టర్‌నో కలవండి. సర్జన్ అనగానే కత్తి కాదు. చాలామందికి వ్యాయామాలతోనే దారికి వస్తుంది. రాకపోతే సూదులతో కీలు పై అరలోకి సెలైన్ పంపి కడుగుతారు. కీలు తెరిచి చేసే ఆపరేషన్ అవసరమయ్యేవాళ్లు చాలా కొద్దిమంది. ఇప్పుడు మీరు చెప్పినదాన్ని బట్టి మీరు ఆ కోవలో లేరు. ఎమ్మారై కూడా ఈ దశలో తొందరపడి తీయించుకోనక్కర్లేదు. డిస్క్ పక్కకి జరిగిందని రిపోర్టులో చూస్తే భయం పెరుగుతుందే తప్ప, చేయాల్సిన పనులు మారవు.

ఇవి కనిపిస్తే మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి: దవడ దగ్గర వాపూ జ్వరమూ, ముఖంలో తిమ్మిరి, నోరు రోజురోజుకీ తక్కువ తెరుచుకోవడం, ఇంతకుముందు లేని చోట గడ్డ తగలడం. జ్ఞానదంతం దగ్గర చీము పట్టినా నోరు తెరుచుకోదు, దాని వైద్యం వేరు. ఇంకో మాట మీ వయసుకి వర్తించదు కానీ, చదివే పెద్దవాళ్ల కోసం రాస్తున్నాను. యాభై దాటినవాళ్లకి కొత్తగా కణత నొప్పి మొదలై, నములుతుంటే దవడ అలసిపోయి నొప్పి పెట్టి, ఆపితే తగ్గుతుంటే, చూపు మసకబారుతుంటే అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. అది కణత రక్తనాళం వాచే జబ్బు కావచ్చు, ఆలస్యమైతే కన్ను పోతుంది. మెట్లెక్కితే, నడిస్తే దవడలో నొప్పి వచ్చి చెమట పడుతుంటే గుండె సంగతి చూపించాలి.

ఆరు వారాలు ఇవన్నీ చేసి చూడండి. టక్ అనే శబ్దం పోకపోవచ్చు. పోకపోయినా నొప్పి తగ్గి, మూడు వేళ్లు పడుతుంటే దాని జోలికి వెళ్లకండి. నొప్పి అలాగే ఉంటే పైన చెప్పిన డాక్టర్ల దగ్గరికి వెళ్లండి, అరగదీసే చోటికి కాదు.

మీ అక్క చెప్పింది నిజమే అయ్యుండొచ్చు. బరువులెత్తేవాళ్ల చేతి కండరం పెరిగినట్టే, రాత్రీ పగలూ బిగించేవాళ్ల మాసెటర్ కూడా లావెక్కి దవడ మూలలు పక్కలకి ఉబ్బినట్టు కనిపిస్తాయి. ఒక వైపే పెరిగి గట్టిగా ఉంటే, అదేమిటో డాక్టర్‌కి చూపించుకోవాలి. రెండు వైపులా సమానంగా ఉండి, పళ్లు బిగిస్తే గట్టిపడి వదిలేస్తే మెత్తబడుతుంటే అది కండరమే. బిగింపు మానిన కొన్ని నెలలకి నెమ్మదిగా తగ్గుతుంది. బొటాక్స్ ఇంజెక్షన్‌తో సన్నబరచుకోమని కూడా ఎవరో ఒకరు సలహా ఇస్తారు. కండరం కొన్ని నెలలు నీరసపడుతుంది, తర్వాత మళ్లీ మామూలే. అందం కోసమైతే అది మీ ఇష్టం. నొప్పి కోసమైతే ముందు ఆ రంగు చుక్కే అంటించండి.